మంగళవారం పది గంటలకు వంతెన దగ్గర

నా మొత్తం జీవితంలో ఒక్కసారే ఒక ఊరిని ఖాళీ చేయించబోయాను. అదీ మా సొంత ఊరినే. దానికి నాకు తుపాకీ అక్కర్లేకపోయింది. చేతిలో ఒక మడత కాగితం, నోట్లో వచ్చీరాని ఇంగ్లీషు ఉంటే చాలింది. ఎంత ఘనకార్యమో మీరే వినండి.

సాయుధ పోరాటం ముమ్మరంగా సాగుతున్న రోజులు. మాది మరిపెడకు మూడు క్రోసుల దూరంలోని పల్లె. మా దొర కోటలాంటి తన గడి వదిలి పట్నం పారిపోయాడు. ఆయన గుంజుకున్న భూములను సంఘం వాళ్లు ఊరివాళ్లకు పంచారు. సాయవ్వకు వాగవతల ఎకరం వచ్చింది. భర్త పోయినప్పటి నుంచి ఇరవై ఏళ్లు దొర పొలంలో వెట్టి చేసిన మనిషి. ఆ ఎకరంలో ఆమె మొదటి పంట కోతకు వచ్చింది. రోజుకు నాలుగుసార్లు వెళ్లి, కంకులను చంటిపిల్లల తలలు నిమిరినట్టు నిమిరి వచ్చేది.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. జనగామలో మేనమామ ఇంట్లో ఉండి ఉర్దూ బళ్లో చదువుకున్నాను. ఇంగ్లీషు రెండో వాచకం సగంలో ఉండగా చలిజ్వరం పట్టుకుని ఇంటికొచ్చేశాను. మిగతా సగం కూడా వచ్చినట్టే తిరిగేవాణ్ణి. ఊరంతా నన్ను 'ఇంగిలీసు పంతులు' అనేది. అలాంటి పేరు వచ్చాక ఎవడైనా నోరు తెరిచి "నాకు రాదు" అంటాడా? మీరైతే అంటారా?

ఒక ఆదివారం పొద్దున, సంఘం పెద్ద మల్లయ్య గడిలో దొర పెట్టె తెరిపించాడు. భూమి పత్రాల కోసం వెతుకుతుంటే ఈ మడత కాగితం బయటపడింది. నాకు కబురొచ్చింది. వెళ్లేసరికి గడి ముందు ఊరంతా ఉంది.

"తమ్మీ, గిదేం కాయితమో జర చదివి చెప్పు" అన్నాడు మల్లయ్య.

విప్పాను. అబ్బ, ఎంత ముచ్చటైన పటమో! నీలంగా ఒక వాగు. వాగు మీద వంతెన. వంతెన దాటగానే బురుజులున్న కోట. దాని పక్కన అంగడి, కాస్త అవతల చర్చి. వీటన్నిటినీ కలుపుతూ ఒక చుక్కల గీత, దాని పొడవునా ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. ఎవరో ఎర్ర పెన్సిలుతో అక్కడక్కడా సున్నాలు చుట్టారు. ఆ పక్కనున్న అక్షరాల్లో నాకు తెలిసినవి ఆరే మాటలు: మంగళవారం, పది గంటలు, వంతెన, కోట, నడక, చాయ (అదే, టీ).

మరి మా ఊళ్లోనూ వాగుంది. వాగు మీద వంతెనుంది. వంతెన దాటితే గడి, గడికి రెండు బురుజులు. పక్కన అంగడి, అవతల చర్చి. నా బుర్ర గిర్రున తిరిగింది.

"మల్లన్నా! గిది మన ఊరే!" అని అరిచాను. "దొర పోలీసులను తోలుకొస్తున్నడు! మంగళారం పది గంటలకు వంతెన కాడికి వస్తరు. ఆడికెల్లి నడిచొచ్చి గడి పట్టుకుంటరు. గీ చుక్కలు వాళ్ల తొవ్వ. ఎర్ర సున్నాలు కాలవెట్టే జాగలు."

"చర్చికి గూడ సున్న ఉన్నదా?" అని చర్చి ఊడ్చే ఏసోబు గుండె పట్టుకున్నాడు.

"ఉన్నది. జర చిన్నది" అన్నాను, ఓదార్పుగా.

నిజం చెప్పొద్దూ, అంతమంది నా మాట కోసం నోరు తెరుచుకుని నిలబడటం అదే మొదటిసారి. నాకు రుచి తగిలింది. "ఎంతమంది వస్తరు?" అని అడిగితే, "పన్నెండు గుంపులు" అని టకీమని చెప్పాను. పన్నెండు అంకెలున్నాయి కదా మరి!

మల్లయ్య ముఖం గట్టిపడింది. "రేపు తెల్లారంగనే అందరం బయ్యారం దిక్కు అడవిల పడాలె. పిల్లజెల్ల, గొడ్డుగోద, ఎవ్వలు మిగలద్దు."

"మరి నా వరి?" అంది సాయవ్వ.

"పానముంటె మల్ల పండిస్తం అక్కా."

"ఇరువై ఏండ్లు వాని చేను కోసిన. గిది నా చేను. దీన్ని ఇడిచిపెట్టి పోతే, వాడు రాకముందే గెలిచినట్టు. నేను రాను."

అప్పుడైనా నోరు తెరిచి, నాకు వచ్చినవి ఆరు మాటలేనని చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గు అడ్డొచ్చింది.

"ఏదీ, ఆ కాయితం ఇటు తే" అని సాయవ్వ నా చేతిలోంచి లాక్కుని, వెనక్కి తిప్పింది. వెనక పక్కంతా బొమ్మలే. అంత పండితుణ్ణి, నేను కాగితం తిప్పి చూడనే లేదు!

"పంతులూ, గీ వాగుల పడవలున్నయి. మన వాగుల మోకాల్లోతు నీళ్లాయె, పడవెట్ల నడుస్తది?"

"వానలు బాగ పడ్డప్పుడు..." అని నసిగాను.

"గీమె ఎవలు? గొడుగు పట్టుకున్నది. పక్కన పిలగాడు బాతులకు రొట్టె ఏస్తున్నడు. మనలను కాల్వనొచ్చెటోడు పెండ్లాంపిల్లలను ఎంబడి తెచ్చుకుంటడా?"

"అది... మారువేషం, అవ్వా."

"బాతులు గూడ మారువేషమేనా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

సాయవ్వ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అంది. "కొడుకా, నీకు వచ్చిన మాటలే చదువు. రాని తాన రాదను. తప్పులేదు. నా చేను బతుకుతది."

ఆ మాటతో నా పంతులుగిరీ కాస్తా కరిగిపోయింది. బొమ్మల కింద వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాను. "పాత... రాదు. కోట... రాదు. చూడండి. నది... రాదు. అందమైన... రాదు. ఇంగ్లండు." పదిహేడుసార్లు "రాదు" అన్నాను. ఆ చివరి మాట వినగానే మల్లయ్య నుదురు కొట్టుకున్నాడు.

"దొర కొడుకు ఇంగ్లండుల చదివొచ్చిండు గద! గిది ఆడి ఊరు! చూడవోయినోళ్లకు ఇచ్చే కాయితం! ఎర్ర సున్నాలు వాడు తిరిగిన జాగలు!"

నన్ను వాగులో ముంచుతారనుకున్నాను. సాయవ్వే అడ్డుపడింది. "పోనియ్యుండ్రి. గా ఊరోళ్లకు గూడ వాగున్నది, అంగడున్నది. మనలెక్కనే ఉన్నరు. ఆ ముచ్చట్లన్నీ రేపు కోతల చెప్తడు తియ్యుండ్రి."

అదే నాకు శిక్ష. సోమవారం ఊరంతా ఆమె ఎకరంలోకి దిగింది. వేలు కోసుకుంటూ, వరి కోస్తూ, ఆ ఇంగ్లండు ఊరిని నేను చూపించాను. మంగళవారం పది గంటలకు వంతెన దగ్గర మొదలై, కోట చూసి, చాయ తాగడంతో ముగిసే నడక గురించీ చెప్పాను. రంగు అద్దాల చర్చి గురించి చెబితే ఏసోబు కొడవలి ఆపి కళ్లు మూసుకున్నాడు. ఆ ఊరు అందమైనదే. కానీ పదిహేడు రాని మాటల వెనక ఉన్న నిజాన్ని, ఒక్క అక్షరం రాకుండా బొమ్మలు చూసి పట్టుకున్న సాయవ్వను చూస్తుంటే, చూడదగ్గవన్నీ అక్కడే లేవనిపించింది.

దొర ఎప్పుడు నిజంగానే వచ్చిపడతాడోనని, వరి సరిగా ఆరకముందే మంగళవారం మోపులు కట్టారు. పొద్దు బాగా పైకెక్కింది. మోపు నెత్తిన పెట్టుకుని ముందు సాయవ్వ, వెనక ఊరంతా వంతెన ఎక్కారు. బురుజుల మధ్య నుంచి దర్జాగా నడిచి గడి వాకిట్లోకి వచ్చారు. ఒకప్పుడు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ వాకిలి, ఇప్పుడు వాళ్ల కల్లం. నాకు కళ్లు చెమర్చాయి.

సాయవ్వ మోపు దించి, ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"పంతులూ, మంగళారమంటివి, వచ్చినం. పది గంటలంటివి, అయినయి. వంతెన కాడికెల్లి నడకంటివి, నడిచినం. మరి చాయేదిరా?"

మా ఊళ్లో చాయపత్తా ఉన్న ఇల్లు ఒక్కటి లేదు. మూడు క్రోసులు మరిపెడకు పరుగెత్తి, మూడు క్రోసులు తిరిగొచ్చి, దొర గంగాళంలో ఊరందరికీ బెల్లం చాయ కాచాను. ఆ వేడి గంగాళం మీద చెయ్యి వేసి అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. రాని మాట దగ్గర రాదంటాను. ఎంత గొప్ప కాగితమైనా సరే, వెనక్కి తిప్పి బాతులున్నాయో లేవో చూడనిదే నోరు విప్పను.