పలు జట్లకు ఆడినవాడు

మా మేనమామ పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున చనిపోయాడు. శాలిబండలో ఏళ్ల తరబడి అద్దెకున్న ఇంట్లోనే, టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడు. డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిందన్నాడు. ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. “బావా, బాపు పోయిండు. అమ్మ నిన్ను జల్ది రమ్మంటున్నది. పేపర్ల గూడ ఎయ్యమంటున్నది.” అంతే చెప్పి పెట్టేసింది.

నేను విలేకరిని. ఆటోలో పోతూనే మా స్పోర్ట్స్ డెస్క్‌కు ఫోన్ చేసి వివరాలు చెప్పాను: పేరు, వయసు, సెంటర్ ఫార్వర్డ్, హైదరాబాద్ లీగ్. సబ్ ఎడిటర్ రాసుకుని, “ఏ టీమ్ సార్?” అని అడిగాడు. ఒకటి కాదన్నాను. “ఒక్కటి చెప్పండి సార్, సరిపోతుంది” అన్నాడు. ఏది చెప్పినా తప్పే అవుతుందన్నాను. మర్నాడు పేపర్లో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. అందులో ఒకటి, “ఆయన పలు జట్లకు ఆడారు.” మా వృత్తిలో ‘పలు’ అనేది సంగతి తెలియనప్పుడో, చెప్పడానికి చోటు లేనప్పుడో వాడే మాట. ఇక్కడ చోటుంది కాబట్టి చెబుతున్నాను.

మామ షట్టర్లు, గ్రిల్లులు చేసే వర్క్‌షాపులో వెల్డర్. ఆట మొదలుపెట్టింది యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి కుర్రాళ్లు కట్టుకున్న టీమ్‌లో. అక్కడి నుంచి ఒక గాజుల దుకాణదారు నడిపే క్లబ్బుకు, అక్కడి నుంచి చర్చి టీమ్‌కు, ఆ తర్వాత ఒక ఫ్యాక్టరీ టీమ్‌కు, మళ్లీ స్టేషన్ టీమ్‌కు, మళ్లీ ఇంకెక్కడికో. అన్నీ లీగ్‌లో కింది డివిజన్లే. పై డివిజన్‌లో ఒకే సీజన్ ఉన్నాడు, అదీ ఎక్కువగా బెంచీ మీద.

గొప్ప ఆటగాడు కాదు. పరుగు తక్కువ. తల ఎత్తు బంతులు ఆయనకు అచ్చిరాలేదు. ఆయనకున్నది రెండే: గోల్ ముందు సరైన చోట నిలబడటం, బంతిని ఎడమకు లాగి కొట్టడం. ప్రతి టీమ్‌లోనూ ఆడాడు కాబట్టి ఆ ఎడమ మలుపు లీగ్‌లో ప్రతి డిఫెండరుకూ తెలుసు. “కాకా, లెఫ్టే గద” అని వాళ్లు ముందే నవ్వుతూ నిలబడేవారు. మామ లెఫ్ట్‌కే తిరిగేవాడు. అయినా కొన్నిసార్లు గోల్ పడేది. రైటుకు ఎందుకు తిరగవని అడిగితే, “నాకొచ్చింది గదే అల్లుడా. ఆళ్లకెరుకైందని నేను మర్చిపోవాల్నా?” అనేవాడు.

ఇన్ని టీములు ఎందుకు మారాడన్న దానికి ఇంట్లో ఒక కథ ఉండేది: కింది డివిజన్‌కు పడిపోబోయే టీములు పిలిస్తే కాదనలేక పోయేవాడని. అందులో కొంత నిజం. ఒకసారి కోచ్‌తో తగాదా పడి పోయాడు. ఒకసారి కొత్త టీమ్ వాళ్లు ప్రాక్టీసు తర్వాత గుడ్లు పెడతారని పోయాడు. ఎక్కువసార్లు మాత్రం జరిగింది ఇది: గోల్స్ పడని టీమ్ ఆయన్ని తెచ్చుకునేది, గండం గడిచాక ఆయనకన్నా వయసులో చిన్నవాణ్ని చూసుకునేది. ఆయనకు ఇది తెలుసు. దాని మీద కోపం ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

చిన్న క్లబ్బులకు జెర్సీలు ఒకే సెట్టు. ఆటగాడు టీమ్ వదిలేటప్పుడు తనది తిరిగి ఇవ్వాలి, వచ్చే సీజన్ ఇంకొకరు వేసుకుంటారు. చాలామంది ఎగ్గొడతారు. కొందరు ఉతక్కుండా కవర్లో కుక్కి ఎవరి చేతనో పంపుతారు. మామ తన చేత్తో ఉతికేవాడు. రంగు పోకుండా తిరగేసి, డాబా మీది దండెం మీద నీడపట్టున ఆరేసేవాడు. నేల మీద దుప్పటి మడిచి వేసి ఇస్త్రీ చేసేవాడు. పేపర్లో చుట్టి, పాత క్లబ్బు సెక్రెటరీ దగ్గరికి స్వయంగా పోయి, అప్పజెప్పి, చాయ్ తాగి, ఆ తర్వాతే కొత్త టీమ్‌కు సంతకం పెట్టడానికి పోయేవాడు. “జెర్సీ అంటె కిరాయి ఇల్లసొంటిది. సాఫ్ చేసి తాళం ఇయ్యాలె” అనేవాడు. చుట్టేది మా పేపరే. అది పల్చగా ఉందనీ, వాన పడితే చిరుగుతుందనీ, మీ మేనేజరుకు చెప్పమనీ నన్ను సతాయించేవాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గాజుల దుకాణం టీమ్‌కు సీజన్ చివరి మ్యాచ్ జరిగింది. డ్రా చేసుకుంటే డివిజన్‌లో నిలుస్తారు. ఆట ముగియబోతుండగా ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు పెనాల్టీ దొరికింది. మామ కొట్టాడు. బంతి బారు పైనుంచి పోయి గోడ అవతల పడింది. టీమ్ కిందికి పోయింది. గ్రౌండ్ బయట ఎవరో “కిరాయే కా ఘోడా” అని అరిచారు. అద్దె గుర్రం. మా అత్త ఆ మ్యాచ్‌కు వచ్చింది. ఆయన ఆట చూడటానికి ఆమె రావడం అదే మొదలు, అదే చివర.

కొన్నాళ్లు ఆగి జెర్సీ ఇద్దువులే అని అందరూ చెప్పారు. మామ వినలేదు. జెర్సీ ఆరగానే ఇస్త్రీ చేసి, నా స్కూటర్ ఎక్కి, దుకాణానికి పోదామన్నాడు. దుకాణం నడిపే సెక్రెటరీ సాబ్ గాజుల పెట్టెలు సర్దుతున్నాడు. మమ్మల్ని చూసి పలకరించలేదు. మామ పొట్లం ముందు పెట్టాడు. సాబ్ విప్పి, మడతల మీద వేలు పెట్టి రాసి చూశాడు. తలెత్తకుండానే అన్నాడు: “మియా, పెనాల్టీ భీ ఇత్తా సాఫ్ మార్తే తో అచ్ఛా రహతా.”

పెనాల్టీ కూడా ఇంత శుభ్రంగా కొట్టి ఉంటే బాగుండేదని. మామ తల వంచుకుని, “హౌ సాబ్” అని ఒప్పుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ నవ్వారు. చాయ్ వచ్చింది. రెండేళ్ల తర్వాత అదే సాబ్ మళ్లీ పిలిస్తే మామ పోయి ఆడాడు.

పై డివిజన్‌లో ఆడిన ఆ ఒక్క సీజన్ సంగతీ చెప్పాలి. ఒక ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ టీమ్ గెస్ట్ ప్లేయర్‌గా పిలిచింది. అంటే టీమ్‌లో ఉంటాడు, డిపార్ట్‌మెంట్‌లో ఉండడు. బాగా ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇస్తారని అందరూ అనుకున్నాం. అత్త దేవుడికి మొక్కింది కూడా. ఉద్యోగాలు వేరేవాళ్లకు వచ్చాయి. మామ ఆ జెర్సీ కూడా ఇస్త్రీ చేసి ఇచ్చి వచ్చి, మర్నాడు వెల్డింగ్‌కు పోయాడు. ఏమైందని నేను అడిగితే, “గెస్టుగ పిలిస్తె అన్నం పెట్టి పంపుతరు, ఇంట్ల ఉంచుకుంటరా?” అన్నాడు. ఆ మాట అత్త చాలాకాలం మర్చిపోలేదు.

ఆట మానేసి చాలా ఏళ్లయినా ఆయనకు ఒక పని మాత్రం తప్పేది కాదు. ఇక్కడి పాత ఆటగాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆడినవాడు పోతే, ఆయన టీమ్ వాళ్లు జెర్సీ తెచ్చి మీద కప్పుతారు. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా, ఇంట్లోంచి కదిలేముందు కాసేపు ఆ జెర్సీ ఉంటుంది. కదిలేటప్పుడు తీసి ఇంటివాళ్ల చేతిలో పెడతారు. మామ ఎవరు పోయినా పోయేవాడు. వచ్చాక ఎవరి మీద ఏ రంగు కప్పారో అత్తకు చెప్పేవాడు.

పోయిన ఏడు అలా ఒకరింటికి పోయివచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అత్త ఉల్లిగడ్డలు కోస్తూ అడిగింది. “అందరియి చెప్తవ్. నీ మీద ఎవలు కప్పుతరు?”

“ఎండకాలం పోతె ఏదొద్దు తియ్యే. ఉక్కపోస్తది” అన్నాడు మామ. అత్త నవ్వలేదు. “ఊరంత తిరిగినవ్. ఒక్కనికన్న నువ్వు సొంతం కాలె” అంది.

ఆ సాయంత్రం నన్ను సందు చివర దాకా సాగనంపుతూ మామ ఆగాడు. “మీ అత్త అన్నది గలత్ గాదు అల్లుడా. ఒక్క టీమోడన్న మావోడు అంటడా?” తెలియనిది చెప్పే అలవాటు నాకు లేదు. ఆయన జవాబు కోసం చూడకుండా, వెనుక వస్తున్న ఆటోకు దారి ఇవ్వమని నా భుజం పట్టి పక్కకు లాగాడు.

మామ చనిపోయిన ఆ మంగళవారం నేను పోయేసరికి ఆయన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. అత్త తలుపుకు ఎదురుగా కూర్చుంది. ఎవరు గడప దాటినా ముందు వాళ్ల చేతుల వైపు చూస్తోంది. స్టేషన్ టీమ్ పాత కెప్టెన్ వచ్చాడు. చర్చి టీమ్ నుంచి ఇద్దరు వచ్చారు. ఫ్యాక్టరీ టీమ్ గోల్‌కీపర్ కర్ర పట్టుకుని వచ్చాడు. గాజుల దుకాణం సాబ్‌ను కొడుకు బండి మీద తెచ్చి దింపాడు. ఇల్లు పట్టక సందులో నిలబడ్డారు. అందరి చేతుల్లో పూలదండలున్నాయి. జెర్సీ ఎవరి చేతిలోనూ లేదు.

అత్త కూతుర్ని పిలిచి చిన్నగా అడగడం నాకు వినిపించింది. “తెచ్చిన్రా?” ఆ పిల్ల నావైపు చూసింది. నేను బయటికి పోయాను.

స్టేషన్ టీమ్ కెప్టెన్‌ను పక్కకు తీసుకుపోయి అడిగితే ఆయన ముఖం మాడిపోయింది. “మేమే తెద్దుమనుకున్నం. ఆ గాజుల సాబ్ దిక్కు ఎక్కువ ఆడిండు, ఆళ్లు తెస్తరు గద, మనం ముంగట పడితె బాగుండదని ఆగినం.”

గాజుల సాబ్ అది విని దగ్గరికి వచ్చాడు. “అరే, మేమెట్ల తెస్తం? ఆట షురూ అయింది మీకాడ. మీవోడు గద అని నేను చుప్ ఉన్న.” చర్చి టీమ్ వాళ్లు ఫ్యాక్టరీ వాళ్లు తెస్తారనుకున్నారు. గోల్‌కీపర్ అయితే డిపార్ట్‌మెంట్ వాళ్లే వస్తారని, పెద్ద టీమ్ ముందు మనదెందుకని అనుకున్నాడు. ప్రతి ఒక్కరూ ఆయన వేరే ఎవరికో ఎక్కువ దగ్గరనుకుని, వాళ్ల హక్కుకు అడ్డం రాకూడదని జెర్సీ లేకుండా వచ్చారు.

పోయి తెస్తామన్నారు. కానీ పొద్దు వాలుతోంది, పెద్దవాళ్లు ఆగొద్దన్నారు. మామను తెల్లబట్టలోనే తీసుకుపోయాం. పాడెకు భుజాలు కొదవలేదు. సాబ్ పెద్దవయసులో కూడా సందు మలుపు దాకా మోశాడు, తర్వాత కొడుకు మార్చుకున్నాడు. అత్త గడప దగ్గర నిలబడి చూసింది.

మర్నాటి నుంచి రావడం మొదలుపెట్టారు. ముందు స్టేషన్ టీమ్ వాళ్లు ఎర్ర జెర్సీ తెచ్చి మామ ఫోటో ముందు పెట్టారు. సాబ్ కొడుకు ఆకుపచ్చది తెచ్చాడు, నాన్న పంపాడని, మాఫ్ చేయమన్నాడని చెప్పాడు. చర్చి టీమ్‌ది నీలం. ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది, గోల్‌కీపర్ తన దగ్గర మిగిలిన పసుపుపచ్చది, మోచేతుల దగ్గర చిరిగిందే తెచ్చాడు. నాకు తెలియని టీముల వాళ్లు కూడా ఒకరిద్దరు వచ్చి, మా దిక్కు ఒక సీజన్ ఆడిండమ్మా అని చెప్పి పెట్టిపోయారు. డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరూ రాలేదు. ప్రతి ఒక్కరూ అదే మాట అన్నారు, మావోడే అమ్మా అని. అత్త అందరికీ చాయ్ ఇచ్చింది.

కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం పోయాను. ఇంట్లో ఎవరూ లేరు, డాబా మీద బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తే ఎక్కి పోయాను. అత్త జెర్సీలు ఉతికింది. ఫోటో ముందు పెట్టినప్పుడు పడిన కుంకుమ మరకలు పోయేదాకా రుద్దినట్టుంది, చేతులు ఎర్రగా ఉన్నాయి. గోడవార నీడలో కట్టిన దండెం మీద ఒక్కొక్కటే వేస్తోంది.

“ఇవి నీకే ఇచ్చిన్రు గద అత్తా. ఉంచుకో” అన్నాను.

“సెట్టుల తక్కువ పడుతయి. ఇస్త్రీ చేసి ఇచ్చేద్దాం, నీ స్కూటర్ మీద పోదాం” అంది.

“ఒక్కటన్న ఉంచుకో.”

ఆమె దండెం వైపు చూసింది, ఆ చివర నుంచి ఈ చివర దాకా. “ఏది ఉంచుకోమంటవ్? తక్కినోళ్లు ఏమనుకుంటరు?”

బకెట్‌లో మిగిలింది తీసి ఆమెకు అందించాను. ఆమె దాన్ని మామ చేసినట్టే తిరగేసి పిండింది. దండెం మీద అన్నీ అలాగే తిరగేసి ఉన్నాయి. టీముల పేర్లు, నంబర్లు లోపలికి పోయాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, చిరిగిన పసుపు, ఒకదాని పక్కన ఒకటి, చేతులు కిందికి వేలాడేసుకుని, నీళ్లు కారుస్తూ ఉన్నాయి.