గురునాథరావు చేప కాల్చిన ఆదివారం

గురునాథరావుకు కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు చెప్పింది గురువారం. ఆ సాయంత్రమే ఆయన భార్య కన్నమ్మ చేపల మూకుడు తోమి అటకెక్కించేసింది. డాక్టరు మానమన్నది వేపుడే గాని చేప కాదని ఆయన మొత్తుకున్నా ఆవిడ వినలేదు. భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి. పులుసుకైనా గరిటెడు నూనె లేనిదే చెయ్యి కదలదు. నూనె తగలని చేప ఆవిడ దృష్టిలో పత్యం. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. ఆదివారం ఆయనే వండాలి. ఆవిడకు నచ్చితే వారం వారం చేప వస్తుంది. నచ్చకపోతే ఆ ఇంట్లో ఇక చేప ఊసే ఉండదు.

గురునాథరావు ముప్పై నాలుగేళ్ళు హిందీ నాట ఒక స్టీల్ ప్లాంటులో, రోలింగ్ మిల్లుకు వెళ్ళే ఉక్కు దిమ్మెలను కాచే ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మీటరు చూడకుండా రంగును బట్టి దిమ్మె వేడి చెప్పేస్తాడని పేరు. ప్లాంటు కాలనీ సెక్టర్ 2లోని వాళ్ళ క్వార్టరులో, కూతురు కేకులకని కొని వదిలేసిన ఓవెన్ ఒకటుంది. అందులో కన్నమ్మ అప్పడాలు దాచుకుంటుంది. ఉక్కును కాచినవాడికి చేప ఒక లెక్కా అనుకుని ఆయన అప్పడాలు బయట పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే ఖుర్సీపార్ బజారుకు వెళ్ళి కిలో తూగే రోహూ చేపనొకటి ఏరుకున్నాడు. చేపలమ్మే ఛాయ ముక్కలు కొట్టబోతే ఆపి, పొలుసు గీకి, పొట్ట శుభ్రం చేసి చేపను చేపగానే ఇమ్మన్నాడు. ఎవరింట్లో పెళ్ళి భయ్యా అని ఆమె హిందీలో నవ్వింది.

ఇంటికొచ్చి రెండు వైపులా గాట్లు పెట్టి అల్లం, వెల్లుల్లి, మిరియాలు, నిమ్మరసం, మూడు చెంచాల కాశ్మీరీ కారం పట్టించాడు. అడుగున ఉల్లి చక్రాలు, సిమ్లా మిర్చి, టమాటా, చిలగడదుంప ముక్కలు పరిచాడు. నూనె ఒక్క చెంచా, అదీ కన్నమ్మకు చూపించి వేశాడు. ఓవెన్ వేడి పూర్తిగా పెంచి, అద్దం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ గుమ్మంలో చాట పట్టుకుని బియ్యం ఏరుతూ, డ్యూటీ ఎన్నింటికి దిగుతారని రెండుసార్లు అడిగింది.

పావుగంటకు చేప పైనంతా బాగా ఎర్రబడింది. ఆయన కంటికి అది చాలనిపించింది. ట్రే బయటికి లాగాడు. కన్నమ్మ వచ్చి చెంచాతో వీపు దగ్గర ఎత్తి చూసింది. ముల్లును అంటుకుని లోపలంతా పచ్చిగా ఉంది.

“ఎర్రగున్నాది చేప కాదండీ, మీ కారం,” అంది. “మిల్లులో దిమ్మెలు కూడా ఇలాగే తీసీసేవారేటి?”

గురునాథరావు ముఖం చిన్నబోయింది. పై రంగు చూసి తొందరపడిన కొత్తవాళ్ళను ఆయనే ఎన్నోసార్లు తిట్టాడు. లోపల వేడెక్కని దిమ్మె మిల్లు రోలర్ల కింద పగులుతుంది. అందుకని పైన ఎర్రబడ్డాక కూడా, వేడి నడిమికి దిగేదాకా ఆగుతారు. ఆ సంగతే ఆవిడతో గొణిగాడు.

“అయితే ఆగండి. నాకేటి తొందర,” అని కన్నమ్మ మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకుంది.

ఆయన వేడి సగానికి దించి, చేప మీద అరిటాకు కప్పి, ఇరవై నిమిషాలు గడియారం మాత్రమే చూశాడు. మధ్యలో ఆవిడే లేచి, అప్పటికే పొయ్యి మీదున్న అన్నం దించి, రెండు కంచాలు పెట్టింది.

ఈసారి చెంచా తగలగానే మాంసం తెల్లగా, పొరలు పొరలుగా ముల్లు వదిలింది. చిలగడదుంప చేప రసం పీల్చి మెత్తబడింది. కన్నమ్మ ఒక ముక్క తింది. ఉప్పు తక్కువంది. రెండో ముక్క వేసుకుంది. ఆ తర్వాత, పెళ్ళయిన నాటి నుంచి ఆయన కంచంలోనే పడే చేప తలను తీసి తన కంచంలో పెట్టుకుంది.

“అది నాది కదే,” అన్నాడు గురునాథరావు.

“వండినోళ్ళకి తోకే. ఇన్నాళ్ళూ నేను తిన్లేదేటి?” అంది ఆవిడ చేప తల విప్పుకుంటూ. “వచ్చే ఆదివారం రెండు తెండి. ఒక్కటి చాల్లేదు.”

ఆయన తోక అందుకున్నాడు.