చెడిపోని ఆల్టిమీటరును నేను బాగుచేసిన కథ

మేము పనికి పోయిన కాలంలో యంత్రం మొరాయిస్తే యంత్రాన్ని కాదు, దాన్ని చివరగా తాకినవాణ్ణి పట్టుకునేవాళ్లు. ఇప్పుడు మారిందా అని అడక్కండి, నాకు కోపమొస్తుంది. బడి మధ్యలో మానేసి, పాత పుస్తకాలతో మీటర్ల పని నేర్చుకుని, మా ఊరికి దగ్గరి మొరప్పూర్‌లో రైలెక్కి పోయి ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చేరినాను. అక్కడ ఇంజిన్లు చూసే మామ ఉండేవాడు. (చుట్టం కాదు. మా పక్క ఏ. పళ్లిపట్టి అనే ఊరి మనిషి; ఆ షెడ్డులో నాతో తెలుగు మాట్లాడే ఒకే ప్రాణి, అందుకని మామ.) ఆయుధ పూజకు ముందు నాడు చిన్న విమానంలో ఎత్తు చూపించే ఆల్టిమీటరును తుడిచి బిగించినాను. విమానం నడిపే కెప్టెన్ సారు పైన ఒక చుట్టు తిరిగొచ్చి బాగుందన్నాడు.

పూజనాడు యంత్రాలకు సెలవు. విమానానికి దండ వేసి, ముక్కుకు, రెక్కలకు, పక్కలకు చందనం, కుంకుమ పెట్టినారు. మరునాడు సారు పైకి పోతే విమానం లేచింది గానీ మీటరులో ముల్లు లేవలేదు. కంటి అంచనాతో ఎట్లో దించి, నేరుగా నా దగ్గరికొచ్చి, "సాయంత్రంలోగా సరిచెయ్యి. లేదంటే రేపట్నుంచి మీ ఊర్లోనే ఉండు" అన్నాడు.

పొద్దంతా విప్పినాను, బిగించినాను. ("అంతా పుస్తకం ప్రకారమే చేసినాను మామా" అంటే, "పుస్తకం బాగుంది, ముల్లే చదువుకోలేదు" అన్నాడు.) లోపల ఏ తప్పూ లేదు. కాళ్లు పీకి విమానం పక్కకు ఆనుకుని, మళ్లీ ఇవతలికొస్తే మామ, "చొక్కాకు ఏందిరా చందనం?" అన్నాడు. నేను ఆనుకున్న చోటు ఇద్దరం తిరిగి చూసినాము. ఆల్టిమీటరుకు బయటి గాలి అందే సన్న రంధ్రం అక్కడే ఉంది. దాని నిండా ఎండిపోయిన చందనం.

"ఎవరు పెట్టింది మామా?"

"నేనే. గుంట మాదిరి ఉంటే బొట్టు బాగా కూచుంటుందని పెట్టినా. దేవుని కార్యం రా, తప్పనకు."

మెల్లగా గీకి తీసినాము. సారు మళ్లీ పైకి పోతే ముల్లు కూడా పైకి పోయింది. ఆయన దిగీ దిగకముందే మామ ఎదురుపోయి, "పిల్లోడు బాగుచేసేసినాడు సార్" అనేసినాడు. సారు నా వీపు తట్టి, "తప్పు చేసినా దిద్దుకున్నావు" అన్నాడు. ఉద్యోగం నిలిచింది, తప్పు నా పేరున పడింది. నిజం చెబుదామని నోరు తెరిచేసరికి మామ తన పొంగలి సగం నా గిన్నెలో పెడుతున్నాడు. మూసుకున్నాను.

మొన్న వాకిట్లో కూర్చుని గొణుక్కుంటుంటే మా ఇంటామె, "ఎవర్ని తిట్టుకుంటా ఉండారు?" అనింది.

"ఆల్టిమీటరు చెడగొట్టింది నేను కాదని కెప్టెన్ సారుకు చెబుతా ఉండా."

"ఆయన పోయి ఎన్నేండ్లాయె?"

"అందుకే, అడ్డం రాకుండా వింటా ఉండాడు."

ఆమె నవ్వితే నాకూ నవ్వొచ్చింది. వాదన మాత్రం ఆపలేదు.