స్టెల్లక్క కత్తిరించిన కణాలు

మాదాపూర్‌లో అద్దాల మేడ లేచిన ఏడాది ఊరంతా కంప్యూటర్ క్లాసులకు ఎగబడింది. మూసాపేట నర్సమ్మగారి కూతురు స్టెల్లక్క మాత్రం గచ్చిబౌలి యూనివర్సిటీలో, ఇంకా పుట్టని ఎలుకపిల్లల పళ్లు చూస్తూ కూర్చుంది. పన్ను మొలిచే చోట చదునైన కణాల పొర లోపలికి గుంట పడుతుంది. ఆ గుంట పడకముందే కణాలు పొడుగవుతున్నాయని అక్క కొలతలు చెప్పాయి. ఆమె గైడ్ పుల్లయ్య సార్ మాత్రం గుంట పడ్డాకేనని ఏళ్లుగా పాఠం చెబుతున్నాడు.

“దవడను కోసిన కోత వంకర పోయిండాది, అందుకే పొడుగ్గా కనపడతాండాయి. ఆ కొలతలు తీసేయ్ మా. లేకుంటే సోమవారం సెమినార్లో నీ పేరుండదు.”

“కోత సీదగనే ఉంది సార్. తీసెయ్య.”

అక్క ఇంకో దవడను అడ్డంగా తిప్పి కోసింది. మొదటి కోత వంకరైతే ఈసారి కణాలు పొట్టిగా రావాలి. రాలేదు. మైక్రోస్కోప్‌కు బిగించిన అద్దంలోంచి కాగితం మీద కనబడిన కణాలను గీసి, కత్తిరించి, సార్ గది తలుపు నిండా అంటించింది. జిగురు సార్ బల్ల మీదిదే.

“ఏందిమ్మా ఇది, పెండ్లి తోరణమా?”

“కణాలు సార్. రెండు దిక్కుల కోతలూ ఉన్నయి. స్కేలు తెచ్చుకొని కొలవండి.”

సార్ టీ చల్లారినా కొలుస్తూనే ఉన్నాడు. వంకర దొరకలేదు.

“అయినా నేను నమ్మను మా.”

“నమ్మకండి సార్. అందరి ముందు అదే అడగండి, జవాబు చెప్త. నా పేరు మాత్రం కొట్టెయ్యొద్దు.”

సార్ స్కేలు జేబులో పెట్టుకున్నాడు.

“సోమవారం మొదటి ప్రశ్న నాదే.”