గుర్రపు కొట్టంలో పుట్టిన విచారణ

మా వోజిన్కి ఊరి విచారణను, అంటే మా కతోలిక గుడినీ దాని కింద నడిచే జనాన్నీ, స్థాపించింది బిషపుగారని గోడమీద చలువరాతి పలక ఉంది. అబద్ధం. స్థాపించింది మా నాయనమ్మ పెలాగియా. ఇక్కడ దేవుడికి నిలబడ్డానికి చోటు లేకపోతే తన పెరట్లో చోటిచ్చింది. న్యాయంగా అయితే రోములో ఉన్న పోపుగారు కూడా మా ఊరి సంగతి ఏది తేల్చాలన్నా ముందు మా వంటింటి తలుపు తట్టి, కాళ్ల బురద తుడుచుకుని, ఆవిడ ఊ అంటేనే ముందుకు వెళ్లాలి.

ఈ మాట ఆవిడ ముందు అంటే గరిటె విసురుతుంది. గొప్ప చెప్పుకోవాల్సిన చోట ఆవిడకు తల కొట్టేసినట్టుంటుంది. దానికి కారణం ఒక గుర్రం.

ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాక మా బంగాళదుంప చేలల్లో నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి. ఎక్కడెక్కడి జనమో వచ్చి దిగారు. పెళ్లిళ్లున్నాయి, జ్ఞానస్నానాలున్నాయి, చావులున్నాయి, గుడి లేదు. ఆ రోజుల్లో పోలెండ్‌లో గుడి కట్టాలంటే కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు ఒప్పుకోవాలి. హిలారీ ఫాదర్ గారు ఎన్నిసార్లు అడిగినా కుదరదన్నారు. రైతు తన గుర్రానికి కొట్టం కట్టుకుంటానంటే మాత్రం ఎవరూ కాదనరు.

మా తాత ఇగ్నాత్సీకి గుర్రం ఉంది. బాస్కా అని ముసలి ఆడగుర్రం. పుట్టగానే తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచాడట. దాన్ని బండికి కట్టి ఇంటింటికీ బొగ్గు తోలేవాడు. ఫాదర్ గారి బాధ చూడలేక నాయనమ్మ ఆఫీసుకు వెళ్లింది.

"కొట్టం పెద్దది చేసుకోవాలయ్యా."

"ఇంత పొడవా? మీ గుర్రం ఎంతుంటుందమ్మా?"

"ఇంకా ఎదుగుతోందయ్యా."

ఎదిగే గుర్రానికి అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీ పని దిగినవాళ్లు దిగినట్టే ఇటుకలు మోసుకొచ్చారు. మంచు పడే వేళకు కప్పు లేచింది. లోపల బల్లలు వేశారు, పీఠం పెట్టారు. బాస్కా మాత్రం వెనక చెక్కలతో దించిన చూరు కిందికి మారింది.

"క్రిస్మస్ గడిచేదాకానే," అంది నాయనమ్మ.

"దానికి చెప్పావా ఆ సంగతి?" అన్నాడు తాత.

క్రిస్మస్ ముందు వారాల్లో తెల్లవారకుండానే జరిగే పూజకు జనం లాంతర్లు పట్టుకుని వచ్చేవాళ్లు. తనిఖీవాళ్లు వస్తున్నారంటే రోడ్డు మీద ఈల వినిపించేది. కొవ్వొత్తులు ఆరేవి, పీఠం మీదికి గడ్డిమోపు ఎక్కేది, బాస్కా లోపలికి వచ్చేది.

ఒకసారి తనిఖీ ఆయన ముక్కు ఎగబీల్చి, "గుర్రం దగ్గర సాంబ్రాణి వాసనేంటమ్మా?" అన్నాడు.

"దానికి దగ్గండీ. పొగ వేస్తున్నాం."

"గుర్రం దగ్గుకి సాంబ్రాణా?"

"మీకు వచ్చినా రండి, వేస్తాను."

ఊరంతా ఇప్పటికీ ఇది చెప్పుకుని నవ్వుతుంది. నాయనమ్మ నవ్వదు. ఆయన వెళ్లాక జరిగింది ఆవిడకు గుర్తు. వెచ్చటి చోటు దొరికిన గుర్రం బయటికి రానని కాళ్లు బిగబట్టేది. తాత పగ్గం ముట్టనన్నాడు. లాగింది నాయనమ్మే.

క్రిస్మస్ ముందు సాయంత్రం మావాళ్లు భోజనానికి కూర్చునేముందు పల్చటి అప్పం విరిచి పంచుకుంటారు. పశువులకు గులాబీ రంగుది వేరే ఉంటుంది. తాత దాన్ని చూరు కిందికి తీసుకెళ్లి, అలాగే వెనక్కి తెచ్చాడు.

"తినలేదే. వణుకుతోంది. ఈ ఒక్క రాత్రికి లోపల కట్టేద్దాం."

"ఎక్కడ కట్టనయ్యా? ఫ్లాట్ల జనమంతా కదిలి వస్తున్నారు. పీఠం మీద తెల్లగుడ్డ కూడా పరిచేశాం. నా దుప్పటి తీసుకెళ్లి కప్పు."

ఆ రాత్రి పశువులకు మనిషి మాటలు వస్తాయని మావాళ్ల నమ్మకం. నాయనమ్మ లోపల పాటలన్నీ పాడింది గానీ కొట్టం వెనక్కి మాత్రం వెళ్లలేదు. అది ఏమంటుందోనని భయం. పొద్దున్నకి బాస్కా కూలబడి ఉంది. పండగ దాటకుండానే పోయింది.

ఆ క్రిస్మస్‌కి వచ్చిన జనం సంగతి విన్నాకే అప్పటి బిషపుగారు మాకు విచారణ ఇచ్చారు. తర్వాత అనుమతులూ వచ్చాయి, కొట్టం ఉన్న చోటే పెద్ద గుడి లేచింది. తాత ఒక్కనాడూ లోపల అడుగు పెట్టలేదు. మా మగాళ్లలో సగంమంది పూజ అయ్యేదాకా బయటే నిలబడి సిగరెట్లు కాలుస్తారు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. తాతకు సిగరెట్ అలవాటు లేదు. అది పట్టించుకున్నది నాయనమ్మ ఒక్కతే.

ఏటా ఈస్టరు ముందు పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోడానికి, వెళ్లి ఆవిడ ఈ గుర్రం సంగతే చెబుతుంది. ఫాదర్లు మారారు గానీ జవాబు మారలేదు. "అది పాపం కాదమ్మా, త్యాగం." ఇంటికొచ్చి గిన్నెల మీద విసుక్కుంటుంది. "పాపం కాదట. మరి దీన్ని నేను ఎక్కడ దించుకోను?"

మొన్న విచారణ పండగకి కొత్త బిషపుగారు వచ్చారు. మొదటి బల్ల మీద ఇద్దరికీ చోటుంచారు. గడప దగ్గర నాయనమ్మ తాత చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్కసారికి లోపలికి రావయ్యా. చలిగా ఉంది."

"నువ్వెళ్లు. నీకోసం చూస్తున్నారు."

వెళ్లి కూర్చుంది. బిషపుగారు ప్రసంగంలో ఆవిడ పేరెత్తి, దేవుడికి తలుపు తెరిచిన తల్లి అని పొగడసాగారు. నాయనమ్మ లేచింది. దండం పెట్టడానికి లేచిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యనుంచే బయటికి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. తాత పక్కన వెళ్లి నిలబడింది.

"ఏమే, లోపల నిన్నే కదా పొగుడుతున్నారు?"

"అందుకే వచ్చేశాను."

తాత గాలి కొట్టే వైపుకి జరిగి ఆవిడకు అడ్డంగా నిలబడ్డాడు. "చెవులు కప్పుకో," అన్నాడు.

ఇదంతా రాసి నాయనమ్మకు చదివి వినిపించాను. "చూశావా, తాత క్షమించేశాడు. ఇక హాయిగా లోపల కూర్చో," అన్నాను.

పిండి పిసికే చేతులు ఆపకుండానే అంది: "మీ తాత ఎప్పుడో క్షమించాడే గడుగ్గాయ్. చలిలో నేను కట్టేసింది మీ తాతను కాదు."