కరువు మండలంలో వరద

ఈ పొద్దు పేపర్లో కరువు మండలాల జాబితా వేశారు. మా మండలం పేరు ఉంది. లేకపోతేనే వింత. ఆ పేరు చూడగానే నాకు ఒళ్లు మండింది, చేతిలో కాఫీ చల్లారింది. మా ఇంట్లోవాళ్లకు ఇది అలవాటే. జాబితా వచ్చిన రోజు నన్నెవరూ కదిలించరు. దానికి కారణం మా పెద్దమ్మ.

పెద్దమ్మది గుమ్మఘట్ట దగ్గర చిన్న పల్లె. పెదనాన్న పోయాక ఆమెకు మిగిలింది వంక పక్కన చీనీ తోట, అంటే బత్తాయి తోట, అందులో ఒక బోరు. ఏ చెట్టుకు ఏ గుణమో ఆమె చెప్పగలిగేది. సరిగా కాయని చెట్టును మాత్రం పెదనాన్న పేరు పెట్టి తిట్టేది. వంకకు అడ్డంగా చెక్ డ్యాం కడతామని ఇంజినీరు కొలతలకు వచ్చిన రోజు ఆయనకు ముందు మజ్జిగ ఇచ్చి, తర్వాత సంగటి, ఊరిబిండి పెట్టి పంపింది. వంకలో నీళ్లు నిలిస్తే బోరు బతుకుతుంది, బోరు బతికితే తోట బతుకుతుంది. ఆమె ఆశంతా అంతే. కొలతల తర్వాత మళ్లీ ఎవరూ రాలేదు. ఏడాది తిరిగాక ఒక సిమెంటు బోర్డు మాత్రం వెలిసింది, పని పూర్తయిందని. బోర్డు వెనకాల వంక ఎప్పటిలాగే ఎండిపోయి ఉంది, మేకలు తిరుగుతున్నాయి.

నేనప్పుడు రాయదుర్గంలో టీచర్ని. సమాచార హక్కు కింద అర్జీ రాసింది నేనే. జవాబు చదివి వినిపిస్తే పెద్దమ్మ ఇంకోసారి చదవమంది. డ్యాం కట్టారట, ఆ ఇంజినీరు సంతకంతో బిల్లు కూడా చెల్లించారట, అదే ఏడాది వరదకు కొట్టుకుపోయిందట. ఆ ఏడాది మాది కరువు మండలమని ప్రకటించిన కాగితం కూడా మా దగ్గరే ఉంది. రెండూ ప్రభుత్వం ఇచ్చినవే.

"వానే పడలే. వరద యాడ నుంచి వచ్చినాదంట పాపా?" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదు. నేరుగా కోర్టులోనే కేసు వేయొచ్చని ఒక వకీలు చెప్పాడు. మా పెద్దమ్మ, సంతకం చేయడానికి అయిదు నిమిషాలు పట్టే మనిషి, ఆ ఇంజినీరు మీద క్రిమినల్ కేసు వేసింది. జడ్జిగారు రెండు కాగితాలూ చూశారు. కానీ ప్రభుత్వోద్యోగిని విచారించాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తెమ్మన్నారు.

బయటికొచ్చాక పెద్దమ్మ వకీలును నిలబెట్టి అడిగింది. "అంటే ఏమప్పా, ఆయప్ప తప్పు చేసినాడో లేదో చూడల్లంటే, ఆయప్ప పైసారు సరే అనల్లనా?"

"చట్టం అట్లే ఉండాది అమ్మా" అన్నాడు వకీలు, చెప్పులు వేసుకుంటూ.

ఆ సరే అనే మాట కోసం తొమ్మిదేళ్లు తిరిగాం. ఎప్పుడు పోయినా ఆఫీసులో గుమాస్తాది ఒకే జవాబు, పరిశీలనలో ఉందని. లేని డ్యాంను లేదని చెప్పడానికి ఏం పరిశీలన? బస్సెక్కి వచ్చి చూస్తే పూటలో తేలేది. నాకిప్పటికీ ఆ గుమాస్తా మొహం గుర్తొస్తే పళ్లు పటపటలాడతాయి. ఈలోగా బోరు ఎండింది. ట్యాంకరు నీళ్లతో రెండు ఎండాకాలాలు లాక్కొచ్చి, మూడో ఎండాకాలం చెట్లు కొట్టించేసింది పెద్దమ్మ. ఆ రోజు ఆమె తోటలోకి రాలేదు, నేనే దగ్గరుండి కొట్టించాను. ఇంజినీరుకు ప్రమోషన్ వచ్చింది. తర్వాత శాలువా కప్పించుకుని రిటైరయ్యాడు. అదైన కొన్నాళ్లకు అనుమతి వచ్చింది.

పోయిన నెల ఆయన కోర్టుకు వచ్చాడు. పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు, నిలబడలేకపోతున్నారని వాళ్ల వకీలు చెబితే కుర్చీ వేశారు, వాయిదా కూడా ఇచ్చారు. డెబ్బై దాటిన మా పెద్దమ్మ తలుపు పక్కన గోడకానుకుని పొద్దుటినుంచీ నిలబడే ఉంది. ఆమెను కూర్చోమన్నవాళ్లు లేరు.

మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని "మళ్లీ ఎప్పుడంట పాపా?" అని మాత్రం అడిగింది. రెండు నెలల తర్వాతని చెప్పాను. సరేనని తల ఊపింది. 

ప్రభుత్వం ఆలోచించుకున్న ఆ తొమ్మిదేళ్లూ ఆయనకు ఉద్యోగంలో గడిచిపోయాయి, మా పెద్దమ్మకు మాత్రం ఆయుష్షులోంచి పోయాయి.