రెండు గాజుసీసాల మామయ్య

ఉపమానం లేనిదే ఉపమేయాన్ని కన్నెత్తి చూడని మనిషిని లోకంలో ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన మా మేనమామ. పంటపురుగుల పరిశోధనశాలలో ఉద్యోగం. చొక్కాజేబులో సదా రెండు గాజుసీసాలు, ఒక్కో సీసాలో ఒక్కో పచ్చ కంపుపురుగు.

రెండూ చిక్కుడుకాయల రసం పీల్చేవే. అదే డాలు ఆకారం, అదే పచ్చదనం, ముట్టుకుంటే అదే దుర్గంధం. అయినా జాతులు వేరు. ఒకదాని మీసాలకు ఎర్రని పట్టీలు, రెండోదానికి నల్లనివి. ఇంత సూక్ష్మదృష్టి గల మహానుభావుడికి భార్య కళ్లద్దాలు మార్చిన సంగతి కంటికి ఆనలేదని అత్తయ్య వాపోయేది.

ఒకసారి పంటివైద్యుడు తన కొడుకులిద్దరి చదువుల తారతమ్యం వర్ణిస్తుంటే, మామయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి సీసాలు తీశాడు. వైద్యుడు మీసాల తేడా ఒప్పుకొన్నాకే పన్ను పీకనిచ్చాడు.

నా పదో తరగతి ఫలితాలు వచ్చిననాడు ఇంటినిండా బంధువులు. నాకు పద్యాలంటే ప్రాణం, లెక్కలంటే ప్రాణసంకటం. నాన్న అందరి ఎదుటా తీర్పు మొదలుపెట్టాడు.

“పెద్దది బడికే మొదటిది. దీనికి గట్టెక్కడమే గగనమైంది. చదువు మాన్పించి మా అన్నయ్య బట్టలకొట్లో కూర్చోబెడతాను.”

అక్క తల వంచుకుంది. మామయ్య సీసాలు బల్లమీద పెట్టాడు.

“బావా, ఇవాళైనా ఆ పురుగుల్ని వదిలెయ్యి” అన్నాడు నాన్న.

వదలలేదు. భూతద్దం చేతికిచ్చాడు. నాన్న నిట్టూర్చి, వంగి, చాలాసేపు చూశాడు.

“సరే, తేడా తెలిసింది. ఇంతకీ రెంటిలో ఏది మేలు?”

“ఇన్నేళ్లుగా పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. తేడా తెలిసింది గాని, ఏది మేలో తెలియలేదు బావా. చిన్నది అక్కలా చదవదు. తనలా చదువుతుంది. చదువుకోనీ.”

బంధువులు నవ్వారు. భూతద్దం చేతిలోనే మరిచిపోయి నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కొట్టెక్కడికీ పోదనీ, ముందు కాలేజీకే వెళ్లమనీ గొణిగాడు.

అప్పుడు తట్టింది నాకు. పిల్లల్ని ఒకరి పక్కన ఒకరిని నిలిపి తూచడం మొదలైన చోటనే ఆ సీసాలు జేబు దాటేవి.

అక్క చిన్నబుచ్చుకుందేమోనని వంటింట్లోకి వెళ్లాను. తలుపుచాటున నిలబడి నవ్వుతోంది.

“హమ్మయ్య” అంది. “ఇక నేనూ ఒక్కసారి మొదటిస్థానం తప్పి చూడొచ్చే.”